మునసబు కోర్టు నుంచి సుప్రీం కోర్టు దాకా: జస్టిస్ కోకా సుబ్బారావు గారి న్యాయ ప్రస్థానం



వార్షికోత్సవ సంచిక అనగానే మనం అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి రాసుకుంటాం. అది మన బాధ్యత కూడా. ఈసారి మేము కొంచెం పక్కకు వెళ్ళి, మన పిల్లల్లో చాలామందికి పేరు కూడా తెలియని ఒక తెలుగు న్యాయమూర్తి గురించి రాయాలనుకున్నాం. ఆయనే జస్టిస్ కోకా సుబ్బారావు గారు. భారతదేశ ప్రధాన న్యాయమూర్తి పదవికి చేరిన మొట్టమొదటి తెలుగువాడు.

ఆయన గురించే ఎందుకు? దానికి కారణం ఉంది. హాస్టల్ నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి యూనివర్సిటీకి వెళ్ళిన మనలో ప్రతి ఒక్కరం ఏదో ఒకరోజు ఒక మాట వినే ఉంటాం. "మీకేంరా, రిజర్వేషన్ ఉంది!" మేము పీజీలో చేరిన మొదటి నెలలోనే విన్నాం. అన్నవాడు పగవాడేమీ కాదు, రోజూ మాతో కలిసి టీ తాగేవాడే. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మాది. అమ్మానాన్నలు వేలిముద్ర దాటి సంతకం నేర్చుకున్నదే పెద్ద విషయం. అటువంటి మాకు ఆ మాట గుచ్చుకుంది గాని, నిదానంగా ఏమని జవాబు చెప్పాలో తోచలేదు. తరువాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, ఆ జవాబును 1963లోనే ఒక తెలుగు న్యాయమూర్తి సుప్రీం కోర్టు తీర్పులో రాసిపెట్టారని! అందుకే ఈ వ్యాసం.

మన డెల్టాలో కోర్టు మెట్లు

మన ఇళ్ళల్లో కోర్టు అంటే భయం. "ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడు" అనే సామెత మన పెద్దల నోట వినని వాళ్ళుండరు. భయం పోవాలంటే ముందు ఆ మెట్లేమిటో తెలియాలి.

బ్రిటీషు వారి కాలంలో మన కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1873లో వచ్చిన మద్రాసు సివిల్ కోర్టుల చట్టం జిల్లాల్లో మూడు మెట్లను ఏర్పరచింది. అడుగున జిల్లా మునసబు కోర్టు, దాని పైన సబ్ కోర్టు, ఆ పైన జిల్లా కోర్టు. జిల్లా కేంద్రమైన బందరులో జిల్లా కోర్టు ఉండేది, ఇప్పటికీ ఉంది. గుడివాడ వాళ్ళకు గుడివాడలో, దివిసీమ వాళ్ళకు అవనిగడ్డలో కింది కోర్టులు ఉన్నాయి. వీటన్నిటిపైనా 1862లో ఏర్పడిన మద్రాసు హైకోర్టు ఉండేది.

ఇక్కడ ఒక మాట. మన పెద్దవాళ్ళు "మునసబు" అంటే ఊళ్ళో శిస్తు వసూలు చేసే గ్రామ మునసబు అనుకుంటారు. ఆయన వేరు, ఈయన వేరు. గ్రామ మునసబు, కరణం పదవులు 1984లో రద్దయ్యాయి. జిల్లా మునసబు అంటే న్యాయశాస్త్రం చదివిన జడ్జి. పేరులో "జిల్లా" ఉన్నా ఆయన కూర్చునేది తాలూకా కేంద్రంలోనే. తరువాతి కాలంలో పేర్లు మారాయి. మునసబు జూనియర్ సివిల్ జడ్జి అయ్యారు, సబ్ జడ్జి సీనియర్ సివిల్ జడ్జి అయ్యారు. మన ఊళ్ళల్లో మాత్రం ఇప్పటికీ "మునసబు కోర్టు" అనే మాట పోలేదు.

ఈ కింది కోర్టులో జరిగే పనినే విచారణ అంటారు. ఉదాహరణకు దివిసీమలో ఇద్దరు రైతుల మధ్య గట్టు తగాదా వచ్చిందనుకుందాం. ఒకరు దావా వేస్తారు. రెండోవారు జవాబు దాఖలు చేస్తారు. ఇద్దరి మధ్య అసలు తేల్చవలసిన ప్రశ్నలేమిటో జడ్జి రాసుకుంటారు. వీటిని ఇష్యూలంటారు. అవసరమైతే ఒక కమీషనర్‌ను నియమించి, సర్వేయరు సాయంతో పొలం కొలిపిస్తారు. దస్తావేజులకు నంబర్లు వేస్తారు. సాక్షులు బోను ఎక్కుతారు. ఒక వకీలు చెప్పిస్తాడు, రెండో వకీలు అడ్డుప్రశ్నలు వేస్తాడు. అన్నీ అయ్యాక వాదనలు, తీర్పు, డిక్రీ.

గమనించవలసిన విషయం ఏమిటంటే, సాక్షి ముఖాన్ని సాధారణంగా చూసే జడ్జి ఈ విచారణ జడ్జి ఒక్కరే. ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ నీళ్ళు నమిలాడో ఆయనకే తెలుస్తుంది. పై కోర్టులకు వెళ్ళేది కాగితాలు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్ ప్రకారం రెండో అప్పీలు హైకోర్టుకు వెళ్ళాలంటే అందులో ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఉండాలి. అంటే గట్టు ఎవరిదన్న వాస్తవం చాలావరకు కింది మెట్లలోనే తేలిపోతుంది. పేదవాడికి న్యాయం దొరికినా, దొరకకపోయినా అది ఎక్కువగా ఇక్కడే.

అమెరికాలో ఇలాగే ఉంటుందా?

ఉండదు. అక్కడ రాష్ట్రాల కోర్టులు వేరు, కేంద్ర ప్రభుత్వ కోర్టులు వేరు. కేంద్రం తరఫున విచారణ జరిపేవి ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టులు. ఆ జడ్జిలను దేశాధ్యక్షుడు నియమిస్తే సెనేటు ఆమోదించాలి. పదవి జీవితాంతం ఉంటుంది. మన దేశంలో అలా రెండు వరసలు లేవు. కేంద్రం చేసిన చట్టమైనా, రాష్ట్రం చేసిన చట్టమైనా అదే బందరు కోర్టులో విచారణ జరుగుతుంది. 1937 అక్టోబరు 1 నుంచి 1950 జనవరి దాకా మనకు ఫెడరల్ కోర్టు అని ఒకటి ఉండేది గాని, అది హైకోర్టుల పైన ఉన్న కోర్టు. సాక్షుల్ని బోనెక్కించే కోర్టు కాదు. దాని స్థానంలోనే సుప్రీం కోర్టు వచ్చింది.

అమెరికాలో ఆ కాలపు ఫెడరల్ విచారణ జడ్జి ఒకరి కథ మనకు సంబంధించినదే. ఆయన పేరు ఛార్లెస్ వుల్వర్టన్. ఓరెగాన్ రాష్ట్ర సుప్రీం కోర్టులో పనిచేసి, 1905లో ఫెడరల్ జడ్జి అయ్యి, 1926లో చనిపోయే వరకు అదే పదవిలో ఉన్నారు. పంజాబు నుంచి వెళ్ళి, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ అనే భారతీయుడు పౌరసత్వం అడిగారు. అప్పటి చట్టం తెల్లవారికీ, ఆఫ్రికా సంతతి వారికీ మాత్రమే ఆ అవకాశం ఇచ్చేది. 1920లో వుల్వర్టన్ గారు థిండ్‌కు పౌరసత్వం మంజూరు చేశారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1923లో అమెరికా సుప్రీం కోర్టు భారతీయులు తెల్లవారి కిందకు రారని తీర్పు చెప్పింది. దానితో అప్పటికే పౌరసత్వం పొందిన ఎందరో భారతీయులు దాన్ని పోగొట్టుకున్నారు. చివరికి 1946లో చట్టం మారి భారతీయులకు ఆ తలుపు తెరుచుకుంది. ఈనాడు మన ఊళ్ళ నుంచి వెళ్ళి అమెరికా పౌరులవుతున్న వాళ్ళంతా ఆ మార్పు తరువాతి వాళ్ళే.

ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, న్యాయస్థానంలో ఒకనాడు ఓడిన మాట తరువాత గెలవవచ్చు. రెండు, వుల్వర్టన్ గారు "తెల్లవాడు" అన్న ఆ చట్టాన్నే తప్పు పట్టలేదు. థిండ్ ఆ మాటలోకి వస్తాడని మాత్రమే అన్నారు. అడిగే ప్రశ్ననే మార్చిన జడ్జిలు అరుదు. సుబ్బారావు గారు అటువంటి అరుదైన వారిలో ఒకరు.

బాపట్లలో కొన్ని నెలలు

కోకా సుబ్బారావు గారు 1902 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. అక్కడే ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో పట్టభద్రులై, మద్రాసు లా కాలేజీలో న్యాయశాస్త్రం చదివారు. ఆయన మనలా కూలి ఇళ్ళ నుంచి వచ్చినవారు కాదు. న్యాయవాద వృత్తి తెలిసిన కుటుంబం. మామగారైన పి. వెంకటరమణారావు నాయుడు గారు మద్రాసులో పేరున్న వకీలు. ఆయన దగ్గరే సుబ్బారావు గారు పని నేర్చుకున్నారు.

తరువాత జిల్లా మునసబుగా ఎంపికై, కృష్ణానదికి ఆవలి ఒడ్డున ఉన్న బాపట్లలో కొన్ని నెలలు పనిచేశారు. దేశానికి ప్రధాన న్యాయమూర్తి కాబోయే మనిషి మొదట కూర్చున్నది ఈ అడుగు మెట్టు కుర్చీలోనే అన్నమాట! కాని ఆ ఉద్యోగంలో ఉండిపోలేదు. మామగారు హైకోర్టు జడ్జి అయ్యాక, బావమరిది పి.వి. రాజమన్నార్ గారితో కలిసి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. రాజమన్నార్ గారు తరువాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1948లో సుబ్బారావు గారు కూడా అదే హైకోర్టులో న్యాయమూర్తి అయ్యారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలు, హైకోర్టు గుంటూరు. 1954 జూలై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైంది. దాని మొదటి ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావు గారే. అంతవరకు బందరు మనిషికి హైకోర్టు పని పడితే రైలెక్కి మద్రాసు వెళ్ళవలసిందే. అటువంటిది కృష్ణ దాటితే చాలు, హైకోర్టు! 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైకోర్టు హైదరాబాదు వెళ్ళింది. అక్కడా మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. రాష్ట్రం విడిపోయాక 2019 జనవరి 1 నుంచి మన హైకోర్టు అమరావతిలో నడుస్తోంది. గుంటూరు నుంచి వెళ్ళిపోయిన హైకోర్టు అరవై ఏళ్ళు దాటాక మళ్ళీ కృష్ణ ఒడ్డుకే చేరింది.

1958 జనవరి 31న సుబ్బారావు గారు సుప్రీం కోర్టుకు వెళ్ళారు.

మన జవాబు: దేవదాసన్ కేసు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీరు ఉద్యోగ ప్రకటనల్లో "బ్యాక్‌లాగ్ పోస్టులు" అనే మాట చూసే ఉంటారు. అంటే ఏమిటి?

అప్పట్లో కేంద్ర ఉద్యోగాల్లో ఎస్సీలకు 12.5 శాతం, ఎస్టీలకు 5 శాతం, మొత్తం 17.5 శాతం రిజర్వేషన్ ఉండేది. ఒక సంవత్సరం 200 పోస్టులుంటే 35 మనవి. కాని చదువుకున్నవాళ్ళు లేక 10 మందే దొరికారనుకోండి. మిగిలిన 25 పోస్టులు ఆ ఏటికి ఇతరులకు వెళతాయి. ఇలా ప్రతి ఏడూ జరిగితే రిజర్వేషన్ కాగితం మీదే మిగిలిపోతుంది. అందుకని, భర్తీ కాని సంఖ్యను తరువాతి రెండేళ్ళలో కలపాలని ప్రభుత్వం నియమం పెట్టింది. ఇంగ్లీషులో క్యారీ ఫార్వర్డ్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే పాత బాకీ.

ఈ నియమం వల్ల 1961లో కేంద్ర సచివాలయంలో ఒక స్థాయి ఉద్యోగాలకు 45 మందిని తీసుకుంటే అందులో 29 మంది ఎస్సీ, ఎస్టీలు వచ్చారు. దేవదాసన్ అనే ఉద్యోగి సుప్రీం కోర్టుకు వెళ్ళారు. అయిదుగురు న్యాయమూర్తులు విన్నారు. 1963 ఆగస్టు 29న తీర్పు వచ్చింది. నలుగురు ఆ నియమం చెల్లదన్నారు. ఏ సంవత్సరానికి ఆ సంవత్సరమే లెక్క చూడాలని, సగానికి మించి రిజర్వేషన్ ఇస్తే మిగిలినవారి సమాన అవకాశం పోతుందని వారి వాదన. ఒక్కరు మాత్రం ఒప్పుకోలేదు. ఆ ఒక్కరే సుబ్బారావు గారు.

ఆయన ఏమన్నారు? రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాల్లో అందరికీ సమాన అవకాశం ఉండాలంటుంది. అదే అధికరణంలోని 4వ క్లాజు వెనుకబడిన తరగతులకు రిజర్వేషన్ ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఇస్తుంది. మిగిలిన నలుగురు న్యాయమూర్తులు సమానత్వం అసలు సూత్రమనీ, రిజర్వేషన్ దానికి ఇచ్చిన చిన్న మినహాయింపు అనీ చూశారు. మినహాయింపు అసలును మింగకూడదు కదా, అందుకే హద్దు గీశారు. సుబ్బారావు గారు 4వ క్లాజు మినహాయింపు కాదన్నారు. మిగతా భాగం అడ్డుపడని విధంగా రాజ్యాంగమే కాపాడి ఉంచిన అధికారం అన్నారు. తరతరాల అణచివేతతో కుంగిపోయిన వారికి సమాన అవకాశం అన్న సూత్రాన్ని కొలతబద్ద పెట్టినట్టు అమలు చేస్తే వారు ఎప్పటికీ పైకి రాలేరని వివరించారు. ఒక మేలుజాతి పందెపు గుర్రాన్నీ, ఒక మామూలు గుర్రాన్నీ ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తమంటే పైకి సమానంగా కనిపిస్తుంది గాని నిజానికి అది పోటీయే కాదని ఉదాహరణ చెప్పారు.

గుర్రాల పందేలు మనకు తెలియకపోవచ్చు. మన డెల్టాలో చెప్పుకుందాం. కాలువ మొదట్లో ఒక పొలం, చివర దివిసీమ శివారులో ఒక పొలం. ఒకే రోజు లాకులెత్తి "ఇద్దరికీ సమానంగా నీళ్ళు వదిలాం" అంటే సరిపోతుందా? ఎగువ పొలాలన్నీ తడిసి, తూములన్నీ తాగాక శివారు భూమికి వచ్చేది బురద. అందుకే శివారుకు వంతు పెట్టి, ఎగువ తూములు కొన్నాళ్ళు దించి, నీరు చేరేలా చూస్తారు. వంతు పెట్టడం ఎగువ రైతుకు అన్యాయం అని ఎవరూ అనరు. కాలువ తవ్విందే చివరి ఎకరం దాకా నీళ్ళు పారడానికి. పోయిన వారం అందని వంతు ఈ వారం ఇవ్వడం దయ కాదు, బాకీ తీర్చడం. రిజర్వేషన్ కూడా అంతే. మా ఇంట్లో మా ముందు ఎవరూ కాలేజీ గుమ్మం తొక్కలేదు. అది వాళ్ళకు తెలివి లేక కాదు, నీరు వాళ్ళ దాకా రాక.

"మీకేంరా" అన్న స్నేహితుడికి ఇప్పుడు మేము చెప్పే జవాబు ఇదే.

ఓడిన మాట ఎలా గెలిచింది?

భిన్నాభిప్రాయ తీర్పుకు ఆ రోజున బలం లేదు. 1963లో గెలిచింది నలుగురి మాటే. కాని తీర్పు పుస్తకాల్లో ఆ అయిదో గొంతు అలాగే ఉండిపోయింది. 1975లో కేరళకు చెందిన ఎన్.ఎం. థామస్ కేసు వచ్చింది. ఎస్సీ, ఎస్టీ గుమాస్తాలకు డిపార్టుమెంటు పరీక్ష పాసవడానికి ఎక్కువ గడువు ఇవ్వవచ్చా అన్నది ప్రశ్న. ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనంలో అయిదుగురు ఇవ్వవచ్చన్నారు. ఇటువంటి సాయం సమానత్వానికి వ్యతిరేకం కాదు, సమానత్వంలో భాగమే అన్న ఆలోచన అక్కడ నిలబడింది. సుబ్బారావు గారు 1976 మే 6న కన్నుమూశారు. అంటే ఆ రోజును ఆయన చూశారు.

1992 నవంబరు 16న మండల్ కేసుగా మనకు తెలిసిన ఇంద్ర సాహ్నీ తీర్పు వచ్చింది. తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనంలో ప్రధానమైన తీర్పు రాసింది మరో తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు. 16వ అధికరణం 4వ క్లాజు మినహాయింపు కాదని అందులో స్పష్టంగా చెప్పారు. పాత బాకీ నియమాన్ని కొట్టేసిన దేవదాసన్ తీర్పు ఆ మేరకు చెల్లదన్నారు. అయితే ఏ సంవత్సరమైనా 50 శాతం హద్దు దాటరాదని మామూలు నియమంగా ఉంచారు. 2000లో పార్లమెంటు 81వ సవరణ చేసి, భర్తీ కాని పాత పోస్టులను విడిగా లెక్కించవచ్చని, వాటిని ఆ ఏటి 50 శాతంలో కలపనక్కరలేదని రాజ్యాంగంలోనే రాసింది. ఈనాడు మన అన్నలు, అక్కలు రాసే బ్యాక్‌లాగ్ పోస్టుల పరీక్షల వెనుక ఇంత కథ ఉంది.

అర్ధరాత్రి తలుపు తట్టిన పోలీసు

ఇంకొక భిన్నాభిప్రాయం కూడా తెలుసుకోవాలి. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని ఒక కేసులో సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు ఆయన మీద నిఘా పెట్టి, రాత్రిళ్ళు ఇంటికి వచ్చి తలుపు కొట్టేవారు. 1962 డిసెంబరులో సుప్రీం కోర్టు ఎక్కువమంది న్యాయమూర్తులు రాత్రి తలుపు తట్టడం మాత్రమే తప్పన్నారు. సుబ్బారావు గారు, ఆయనతో కలిసిన జస్టిస్ షా గారు ఆ నిఘా మొత్తం చెల్లదన్నారు. మనిషి సొంత బతుకులోకి ఎవరూ చొరబడకుండా ఉండే హక్కు వ్యక్తి స్వేచ్ఛలో భాగమని చెప్పారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. ఓడిన మాట గెలవడానికి ఈసారి 55 ఏళ్ళు పట్టింది. ఊళ్ళో ఏ దొంగతనం జరిగినా ముందు మన పేటలవైపు చూసే అలవాటు ఎరిగిన మనకు ఈ తీర్పు విలువ వేరే చెప్పనక్కరలేదు.

అన్నిటికీ తల ఊపాలా?

అక్కరలేదు. పెద్దవారిని గౌరవించడం వేరు, వారు చెప్పిన ప్రతి మాటనూ ఒప్పుకోవడం వేరు.

సుబ్బారావు గారు 1966 జూన్ 30న ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో తీర్పు చెప్పారు. పంజాబులో భూ చట్టాల వల్ల భూమి పోతున్న ఒక కుటుంబం వేసిన కేసు అది. పదకొండు మందిలో ఆరుగురు ఒకవైపు, అయిదుగురు ఇంకొకవైపు. ప్రాథమిక హక్కులను తగ్గించే విధంగా పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించరాదని ఆరుగురి తీర్పు. అప్పట్లో ఆస్తి హక్కు కూడా ప్రాథమిక హక్కే. కనుక ఈ తీర్పు భూస్వాములకు కవచం అవుతుందని ఎందరో విమర్శించారు. సెంటు భూమి లేని కుటుంబాల పిల్లలం మనం ఆ విమర్శను తేలికగా తీసిపారేయలేం. అయితే అదే తీర్పులో ఆయన ఒక జాగ్రత్త కూడా తీసుకున్నారు. ఈ సూత్రం ఇకముందు చేసే సవరణలకే వర్తిస్తుందని, అప్పటికే జరిగిన భూ సంస్కరణలు చెదరవని చెప్పారు.

1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదమూడు మంది న్యాయమూర్తులు గోలక్‌నాథ్ తీర్పును పక్కన పెట్టారు. పార్లమెంటు ఏ అధికరణాన్నయినా సవరించవచ్చు గాని, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని చెరపరాదని అన్నారు. అంటే పార్లమెంటుకూ ఒక గీత ఉందన్న సుబ్బారావు గారి భావన వేరే రూపంలో మిగిలింది. రాజ్యాంగమే అండగా ఉన్న మనకు ఆ గీత అవసరం ఎంతో ఆలోచించండి.

1967 ఏప్రిల్ 10న ఆయన చివరి ముఖ్యమైన తీర్పుల్లో ఒకటి వచ్చింది. పాస్‌పోర్టు ఇవ్వడం, మానడం అధికారి ఇష్టం కాదని, విదేశానికి వెళ్ళడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సత్వంత్ సింగ్ కేసులో చెప్పారు. ఆ సంవత్సరమే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. మరునాడు, ఏప్రిల్ 11న, ఆయన పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారికి 4,71,244 ఓట్ల విలువ వస్తే, సుబ్బారావు గారికి 3,63,971 వచ్చింది. జడ్జి కుర్చీ నుంచి నేరుగా ఎన్నికలోకి దిగడం సబబేనా అని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే.

మనం ఏం చెయ్యాలి?

ఇదంతా చదివి "గొప్పవాళ్ళ కథ" అని పక్కన పెట్టవద్దు. జస్టిస్ ఫాతిమా బీవీ గారు 1958లో కేరళలో మునసబుగా చేరి, ఒక్కొక్క మెట్టూ ఎక్కి 1989లో సుప్రీం కోర్టు మొదటి మహిళా న్యాయమూర్తి అయ్యారు. చెల్లెళ్ళు ఈ పేరు గుర్తుంచుకోవాలి. వైకోమ్ మునసబు కోర్టులో గుమాస్తాగా పనిచేసిన ఒక దళిత తండ్రి కొడుకు కె.జి. బాలకృష్ణన్ గారు. ఆయనా ఒకప్పుడు మునసబుగా పనిచేసినవారే. 2007లో దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 2025లో జస్టిస్ గవాయ్ గారు ఆ పదవి చేపట్టిన రెండవ దళితుడు. మన ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరంలో రైతు కుటుంబంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ గారు 2021 ఏప్రిల్ నుంచి 2022 ఆగస్టు వరకు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నారు. సుబ్బారావు గారి తరువాత ఆ పదవికి చేరిన రెండవ తెలుగువారు ఆయనే.

దారి ఇదీ. ఇంటర్ తరువాత అయిదేళ్ళ లా, లేదా డిగ్రీ తరువాత మూడేళ్ళ లా. రెంటికీ లాసెట్ రాయాలి. తరువాత బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టులకు పరీక్ష ఉంటుంది, ఆ పోస్టుల్లో మనకు రిజర్వేషన్ ఉంది. హైకోర్టు, సుప్రీం కోర్టు న్యాయమూర్తుల నియామకంలో రిజర్వేషన్ లేదు. అందుకే అడుగు మెట్టు మీద మనవాళ్ళు ఎక్కువమంది ఉండటం అవసరం. ఈ పరీక్ష రాయాలంటే మూడేళ్ళు న్యాయవాదిగా పనిచేసి ఉండాలని 2025 మే 20న సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. ఫీజు లేకుండా ఆ మూడేళ్ళు పట్నంలో గడపడం మన పిల్లలకు కష్టం. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు ఇక్కడే చెయ్యి వెయ్యాలి. ఏడాదికి ఒక్క జూనియర్ లాయరు గది అద్దె మనందరం కలిసి కట్టలేమా?

జడ్జి కావాలనుకోని వాళ్ళు కూడా ఒక విషయం ఇంటికి వెళ్ళినప్పుడు చెప్పండి. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. బందరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మీ దగ్గరి కోర్టులో అడిగినా దారి చెబుతారు. తెల్లకాగితం మీద అర్జీ రాస్తే చాలు. ఊళ్ళో ఆ అర్జీ రాయగలిగినవాళ్ళు మనమే.

ఆఖరుగా ఒక విన్నపం. మన హాస్టల్ లైబ్రరీలో పోటీ పరీక్షల గైడ్లు బోలెడున్నాయి. వాటి పక్కన తెలుగులో భారత రాజ్యాంగం ఒక ప్రతి ఉండాలి. 14 నుంచి 17 వరకు, ఆపైన 21, ఈ అధికరణాలు పదో తరగతి దాటేలోపు ప్రతి ఒక్కరూ చదవాలి. "మీకేంరా" అన్న మాట రేపు మీరూ వింటారు. విన్నప్పుడు తల దించకండి, గొంతు పెంచకండి. శివారు పొలం వంతు సంగతి చెప్పండి.